కలిపే పదం, కలవని అర్థం

ఇంగ్లీషులో పదాలను, వాక్యాలను జోడించే అవ్యయాలను కంజంక్షన్లు, అంటే సముచ్చయాలు, అంటారు. వాటిలో ‘అండ్’, ‘బట్’, ‘ఆర్’ వంటివి సమాన హోదా గల భాగాలను కలుపుతాయి. ‘బికాజ్’, ‘ఆల్‌దో’, ‘ఇఫ్’ వంటివి ఒక ఉపవాక్యాన్ని ప్రధాన వాక్యానికి ఆశ్రితంగా మారుస్తాయి. తెలుగు ఇదే పనిని చాలావరకు పదాంతాలతో సాధిస్తుంది: ‘అన్నయ్యా చెల్లెలూ’ అన్నచోట చివరి అచ్చుల దీర్ఘమూ, ‘వచ్చి తిన్నాడు’ అన్నచోట క్త్వార్థకమనే అసమాపక క్రియా ఆ బాధ్యతను మోస్తాయి. ఇంగ్లీషులో మాత్రం ఆ భారం విడి పదం మీదా, దాని స్థానం మీదా పడుతుంది.

ఆ స్థానం స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర ఓవర్‌టైమ్ చట్టం చూపింది. అదనపు వేతనం వర్తించని పనుల జాబితా చివర ‘రవాణా లేదా పంపిణీ’ అనే అర్థంలో ‘ఆర్’ ఉండి, దాని ముందు కామా లేకపోవడంతో, ఆ ‘ఆర్’ మొత్తం జాబితాను ముగిస్తోందా, లేక ప్యాకింగ్ ఎందుకోసమో చెప్పే రెండు మాటలనే కలుపుతోందా అన్న వివాదం తలెత్తింది. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు వేసిన ఈ దావాలో ఫెడరల్ అప్పీలు కోర్టు 2017లో ఆ అస్పష్టతను డ్రైవర్లకు అనుకూలంగా అన్వయించగా, 2018లో సంస్థ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. సముచ్చయం అర్థం తెలిసినంత మాత్రాన వాక్యం కుదరదనీ, అది ఏ రెండింటిని కలుపుతోందో పాఠకుడికి తేటపడాలనీ ఈ వ్యాజ్యం నిరూపించింది.