గోంగూర పురుగుకు లండన్‌లో బంధువులు!

గోంగూర కట్ట విప్పి ఆకులు తుంచుతుంటే కొన్నింటికి సన్నసన్నగా చిల్లులుంటాయి... జల్లెడలా. ఆ దొంగను పట్టుకోవాలంటే చేలోకి వెళ్లాలి. ఆకుమీద చెయ్యి వేయబోతే చిన్న గింజంత పెంకు పురుగు టప్పున గెంతి మాయమైపోతుంది. శాస్త్రవేత్తలు దాన్ని ‘నిసోట్రా ఆర్బిక్యులేటా’ అంటారు. ఆంధ్రుల అభిమాన ఆకును కొరికే ఆ పురుగుకు పేరు పెట్టిందెవరో తెలుసా? మోచుల్‌స్కీ అనే రష్యన్ సైనికాధికారి!

గోంగూర పురుగు ఒంటరిది కాదు. ఆకు పెంకు పురుగుల కుటుంబంలో ఇప్పటిదాకా పేర్లు పెట్టిన జాతులే 35 వేలకు పైగా ఉన్నాయి. వాటి కులగోత్రాలు తేల్చాలనుకునే వాళ్లకు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం పుట్టింటిలాంటిది.

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో రైలు దిగి, సొరంగ మార్గంలో కాస్త దూరం నడిస్తే మ్యూజియం వచ్చేస్తుంది. 1881లో తెరిచిన భవనం. గోడల నిండా కాల్చిన మట్టితో చేసిన జంతువుల బొమ్మలే. తూర్పు వైపున్నవి అంతరించిపోయినవి, పడమటి వైపున్నవి ఇంకా బతికున్నవి. లోపలికి అడుగుపెట్టగానే పైకప్పు నుంచి వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం. పిల్లలు అక్కడి నుంచి నేరుగా డైనోసార్ల దగ్గరికి పరుగెడతారు. పురుగులకోసం ఎవరొస్తారు! మూడు కోట్లకు పైగా ఉన్న కీటకాల నమూనాల్లో చాలా భాగం, సందర్శకులు అడుగుపెట్టని గదుల్లో, సొరుగుల్లో ఉంటుంది.

ఆ సొరుగుల్లో పురుగులు వరసగా సూదులకు గుచ్చి ఉంటాయి. మరీ చిన్నవాటిని అట్టముక్కకు అంటించి, ఆ అట్టకు సూది గుచ్చుతారు. కింద అగ్గిపుల్ల తలంత అక్షరాలతో చీటీ... ఏ ఊళ్లో దొరికింది, ఎవరు పట్టారు. బెల్గాం, కెనరా, నీలగిరి కొండలు... ఇలా మన దేశపు ఊళ్లెన్నో అక్కడ కనిపిస్తాయి. కొన్నింటికి ఎర్రటి అంచున్న గుండ్రటి చీటీ కూడా ఉంటుంది. దాని విలువే వేరు. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన నమూనా అది. ‘టైప్’ అంటారు. రిజిస్ట్రార్ ఆఫీసులో భద్రంగా ఉన్న అసలు దస్తావేజు లాంటిదన్నమాట. మరో వందేళ్లకు పేరుమీద తగాదా వచ్చినా దాన్నే తీసి చూడాలి.

వీటికి పేర్లు పెట్టినవాళ్లూ తక్కువవాళ్లు కాదు. జోసెఫ్ బేలీ వైద్యుడు. మార్టిన్ జాకోబీ వాద్యబృందాల్లో వయొలిన్ వాయించేవాడు. మన దేశపు ఆకు పెంకు పురుగులమీద ఆయన రాసిన సంపుటం 1908లో వచ్చింది. అప్పటికి ఏడాది ముందే ఆయన కన్నుమూశాడు. ఆ పని అందుకున్నది ఓ బెంగాలీ... సమరేంద్ర మౌలిక్. 1919, 1926, 1936ల్లో మూడు సంపుటాలు వెలువరించాడు. పాలకుల దేశంలో, వాళ్లు పోగుచేసిన సొరుగుల ముందు కూర్చుని, మన చేలల్లోని పురుగులకు చిట్టా రాశాడు. గెంతే పురుగుల వెనక తొడలో స్ప్రింగులాంటి భాగం ఒకటుంటుంది. దాని నిర్మాణాన్ని 1929లో ఆయన వివరించాడు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ భాగానికే ‘మౌలిక్ అవయవం’ అని పేరు పెట్టారు. అంటే... గోంగూర పురుగు గెంతిన ప్రతిసారీ పనిచేసేది మౌలిక్ స్ప్రింగే!

ఇంతా చేసి పేరులో ఏముంది? చాలానే ఉంది. పొలం గట్లమీద విరగబడి పెరిగే వయ్యారిభామను తినే పురుగును మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలారు. పేరు జైగోగ్రామా. అదీ ఆకు పెంకు పురుగే. దాని దగ్గరి చుట్టం కొలరాడో పురుగు మాత్రం అమెరికా, యూరప్‌లలో బంగాళదుంప రైతుల పాలిట శని. ఒకటి మిత్రుడు, ఒకటి శత్రువు. ఏది ఏదో గుర్తుపట్టలేకపోతే కొంప మునుగుతుంది.

గుర్తుపట్టడం తేలికా అంటే కాదు. చిలగడదుంప ఆకులమీద తాబేలు ఆకారంలో ఉండే పురుగుల్లో కొన్ని బంగారంలా మెరుస్తాయి. చచ్చి ఎండితే ఆ మెరుపంతా పోయి, సొరుగులో మట్టిరంగు పెంకు మిగులుతుంది. రంగును నమ్ముకుంటే అంతే సంగతులు. ఒకే పురుగుకు ఇద్దరు ముగ్గురు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలు కోకొల్లలు. అందుకే ఇప్పుడు పురుగును మెత్తబరిచి, సూదితో విప్పి, మగదాని జననాంగం ఆకారాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. డీఎన్ఏ కూడా పరీక్షిస్తారు. దాంతో పాత గీతలు చెరిగిపోతున్నాయి. పెసలకు గుండ్రటి కన్నం పెట్టే డబ్బా పురుగును ఒకప్పుడు వేరే కుటుంబమనుకునేవారు. ఇప్పుడు అదీ ఈ కుటుంబంలో ఓ శాఖే. మౌలిక్ స్ప్రింగు కూడా ఒక్కసారి కాదు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని తేలింది.

ఈ తగాదాలు తీరాలంటే టైప్ నమూనా చూడాలి. అది లండన్‌లో, పురుగేమో ఇక్కడ! 2002 నాటి జీవవైవిధ్య చట్టం వచ్చాక నమూనాలు విదేశాలకు పంపడం మరింత కష్టమైందని శాస్త్రవేత్తల గోడు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గెంతే పురుగుల నిపుణుడు ప్రతాపన్, 2018లో ‘సైన్స్’ పత్రికలో ఈ మాటే రాస్తే 35 దేశాలవాళ్లు గొంతు కలిపారు. మన సంపదను ఊరికే తరలించుకుపోతారన్న భయంతో వచ్చిన చట్టమది. మౌలిక్ కాలం తలచుకుంటే ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ పేరు పెట్టేలోపే అడవి నరికేస్తే?

మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. డిసెంబరు 24 నుంచి 26 వరకూ తప్ప రోజూ తెరిచే ఉంటుంది. పురుగుల సొరుగులు తెరిపించాలంటే మాత్రం పరిశోధకులై ఉండాలి, ముందుగా అనుమతి తీసుకోవాలి.