తెల్లబడాలా, మంట తగ్గాలా?

మొహం మండుతోందంటే శ్రీసిటీ హాస్టళ్లలో వెంటనే వచ్చే సలహా: "మొటిమలేలే, ఈ క్రీమ్ పూసుకో."

నాకున్నది మొటిమలు కాదు, రోజేషియా. తెల్లగా ఉండేవాళ్లకే వస్తుందనుకుంటారు. మన చామనఛాయ మొహంలో ఎరుపు సరిగ్గా కనిపించదు, అంతే. చెంపలు, ముక్కు వేడెక్కి మండుతాయి. చిన్న పొక్కులొస్తాయి గానీ బ్లాక్‌హెడ్స్ ఉండవు. ఏసీ ఫ్లోర్ నుంచి సత్యవేడు ఎండలోకి వస్తే చాలు, రేగుతుంది. వేడి టీ తాగినా, గొడ్డుకారం తిన్నా అంతే.

తిరుపతిలో స్కిన్ డాక్టరు మెట్రోనిడజోల్ జెల్ రాశారు. తేడా తెలియడానికి వారాలు పట్టింది. ఇంట్లో నేను చేసేది కొంచెమే: గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. నిమ్మరసం, స్క్రబ్బుల జోలికి పోను. పైకి తేలిన సన్న రక్తనాళాలకైతే లేజర్ ఉంది.

అసలు భయం ఆ 'తెల్లబడే' క్రీములతోనే. అందులో స్టెరాయిడ్ ఉంటే కొన్నాళ్లు మొహం నునుపుగా ఉంటుంది, ఆపగానే మంట ఇంకా ఎక్కువవుతుంది. రోజేషియా లేనివాళ్లకీ అలాంటిదే తెచ్చిపెడుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. మా హాస్టల్లో మాత్రం ఒకే ట్యూబు నలుగురి చేతులు మారుతోంది.

రోజేషియా పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. ఎవరైనా ట్యూబు చేతికిస్తే, ముందు దానిమీద మందు పేరు చదవండి.