దామన్ కొండపై నొక శీతరాత్రి

ఖాట్మండునకు బోవు మనదేశపు యాత్రికులు నేడు పెక్కురు విమానమున నెగిరిపోవుదురు. మేము మాత్రము రక్సౌలులో రైలు దిగి, సరిహద్దు దాటి, బీర్గంజునుండి పాతదగు త్రిభువన రాజపథమున బయలుదేరితిమి. మనదేశపు ఇంజనీర్ల సాయమున నిర్మింపబడి 1956 నాటికి పూర్తియైన యీ మార్గమే ఖాట్మండు లోయకు మొదటి మోటారు బాట. అంతకుముందు పశుపతినాథుని దర్శింప గోరువారు భీంఫేదీ వరకు వచ్చి, అటుపిమ్మట కొండలెక్కి దిగుచు కాలినడకనో, డోలీలలోనో పోవలసియుండెడిది.

ఈ దారిలో ఊళ్ల పేళ్లే భారతకథను స్మరింపజేయును. హెటౌడా యను పట్టణమునకు హిడింబ పేరే మారి యట్లయినదనియు, భీంఫేదీ భీమసేనుని పేర వెలసినదనియు అచటివారు చెప్పుకొందురు. హెటౌడా విడిచినది మొదలు బాట మెలికలు దిరుగుచు పైకి సాగును. క్రింద సాలవృక్షములు, ఆపై దేవదారులు, ఇంకను పైకి బోయినకొలది గురాంసు చెట్లు. వసంతమున నివి యెఱ్ఱని పూలతో నిండునట. మేము వెళ్ళినది మాఘమాసమగుటచే ఆకులనుండి మంచునీరు కారుట మాత్రమే చూచితిమి. 2,488 మీటర్ల యెత్తుననున్న సింభంజ్యాంగు కనుమ దాటి, కొంచెము దిగగనే దామన్ చేరితిమి. ఈ యూరు సముద్రమట్టమునకు 2,322 మీటర్ల యెత్తున నున్నది. ఆకాశము నిర్మలముగ నున్న వేకువను ఇచటినుండి ధవళగిరి మొదలు సాగరమాత వరకు హిమవత్పంక్తి కానవచ్చును. జనులు ఇచట నొక రాత్రి నిలుచుట యందులకే.

మేము దిగిన బసలో గోడలకు చెక్కపలకలు, కిటికీలకు దళసరి తెరలు. ప్రొద్దు వాలకముందే వ్రేళ్లు కొంకర్లు పోజొచ్చెను. బస యజమానురాలు చక్రములమీద దొర్లు నడుమెత్తు ఇనుపపెట్టె నొకదానిని గదిలోనికి త్రోసికొని వచ్చెను. దాని వెనుక గ్యాసు సిలిండరు, ముందు మూడు పింగాణి పలకలు. అంటించిన కొలదిసేపటికే అవి నిప్పుకణికలవలె నెఱ్ఱబారెను. ఆమె హిందీలో, “పడుకొనబోవునపుడు నన్ను పిలువుడు. దీనిని వసారాలోనికి తీసికొనిపోయెదను” అని చెప్పెను.

మా అత్తగారికి కీళ్ల నొప్పులు. “నాయనా! తెల్లవారువరకు సన్నని సెగయైన నుండనిమ్ము. ఈ చలికి నా మోకాళ్లు లేవవు” అని వారు మా వారిని బతిమాలిరి. పెద్దల మాట త్రోసివేయుట కష్టమే. కాని మా వారు తల్లి ప్రక్కన గూర్చుండి, ఈ యూరిలోనే జరిగిన సంగతి మెల్లగా చెప్పిరి.

2020 జనవరిలో కేరళమునుండి పదునైదుగురు యాత్రికులు పోఖరా చూచి, తిరుగు ప్రయాణమున దామన్‌లో బసచేసిరి. చలి దుస్సహముగ నుండుటచే వారిలో రెండు కుటుంబముల వారెనమండుగురు ఒక్క గదిలో జేరి, గ్యాసు కుంపటి వెలిగించుకొని నిదురించిరి. తలుపును కిటికీలును లోపల గడియలు వేయబడియుండెను. ఉదయమున పిలిచినను పలుకరైరి. హెలికాప్టరులో ఖాట్మండునకు గొనిపోయినను ఒక్కరును దక్కలేదు. ఆ యెనమండుగురిలో నలుగురు చిన్నబిడ్డలు.

ఇది విని మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “గ్యాసు వాసన యెవ్వరికిని తెలియలేదా?” యని యడిగిరి. ఈ ప్రశ్న ప్రతి గృహిణియు అడుగదగినదే. మేమెఱిగిన సమాధానమిది.

గ్యాసువలన ముప్పు రెండు విధములు. మొదటిది మండని గ్యాసు గొట్టమునుండియో, రెగ్యులేటరునుండియో కారుట. సహజముగ దానికి వాసన లేదు. కారినపుడు మనకు తెలియవలెనని మెర్కాప్టను అను దుర్గంధద్రవ్యమును అందు కలుపుదురు. ఆ గ్యాసు గాలికంటె బరువైనది గాన నేలబారున ప్రాకి మూలల నిలుచును. గాలిలో నూటికి రెండుపాళ్లు కలిసినను నిప్పురవ్వ తగిలిన పేలును. రెండవ ముప్పు మండిన గ్యాసువలన గలుగునది. మూసిన గదిలో ప్రాణవాయువు తఱుగగా మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో రక్తమునంటును. మెలకువగా నున్నవారికి తలనొప్పి, తలతిరుగుట, వాంతి, కాళ్లలో సత్తువ లేకపోవుట కలుగును. నిదురించువారికి ఆ హెచ్చరికయు లేదు. దామన్ వంటి యెత్తుగల చోట గాలియే పలుచన. మన తీరప్రాంతమున నొక్క శ్వాసకు దొరకు ప్రాణవాయువులో ఇచట ముప్పాతిక వంతే లభించును.

అంతట మా అత్తగారు, “నా తొలి కాన్పున పురిటిగదికి చిల్లియైన లేకుండ మూసి, మంచము క్రింద బొగ్గుల కుంపటి పెట్టిరి. మూడవనాడు తల దిమ్మెక్కి వాంతులైనవి. దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచిరి. మా మేనత్త వచ్చి, ఉక్కగా నున్నదని తలుపు తెఱచి కుంపటిని బయట పెట్టించినది. సాయంత్రమునకు నెమ్మదించినది. అది యేమో ఇన్నాళ్లకు తెలిసినది” అనిరి. బొగ్గులనుండియు ఆ విషవాయువే పుట్టును.

ఆ రాత్రి కిటికీ రెక్క నాలుగువ్రేళ్ల మేర తెఱచి, గంటసేపు గది వెచ్చజేసితిమి. పిమ్మట సిలిండరు మూసి, పెట్టెను వసారాకు పంపితిమి. అత్తగారి మోకాళ్లకు వేడినీటి సంచులు పెట్టి, రెండు రజాయిలు కప్పితిమి. వేకువను వారే ముందు లేచి, శాలువ కప్పుకొని, హిమగిరి శిఖరములు బంగారువన్నె దాల్చుట చూచి చేతులు జోడించిరి.

చలిప్రదేశములకు బోవు సోదరీమణులు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలయును. మంట నీలముగ నుండవలెను. పసుపువన్నె దాల్చినను, మసి కట్టినను ఆర్పివేయవలెను. గొట్టపు అతుకులకు సబ్బునీరు పూసి చూడవలెను. బుడగలు లేచినచోట గ్యాసు కారుచున్నదని యర్థము. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు. వాసన తగిలిన వెంటనే సిలిండరు మూసి, తలుపులు తెఱచి, బిడ్డలతో వెలుపలికి బోవలెను. విద్యుద్దీపము వేయను రాదు, ఆర్పను రాదు. మనదేశమున 1906 అను సంఖ్యకు ఫోనుచేసిన వంటగ్యాసు వారి సాయము లభించును. ఆ ఫోనును ఇంటి బయటనుండియే చేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, మంటను వెలిగియుండగా విడిచి నిదురపోరాదు.

ఇది హిమాలయములకే చెందిన మాట కాదు. అరకులోనైనను, లంబసింగిలోనైనను చలిగదిలోని బొగ్గుల కుంపటికి ఇదే స్వభావము. కిటికీలేని స్నానాలగదిలోని గ్యాసు గీజరును అట్టిదే. మన యిండ్లలో బాలింతకు చలిగాలి తగులరాదని పురిటిగదిని మూయుట ప్రేమతో జేయు పని. ఆ ప్రేమయే కుంపటితో గూడిన ప్రాణాపాయమగును. అట్టి గదిలో నెవరికైన తలనొప్పి వచ్చినచో దిష్టి తీయుటకు ముందు తలుపు తీయుడు. కుంపటిని బయటకు పంపి, తల్లిని, బిడ్డను మంచిగాలిలోనికి తెచ్చి, వైద్యునికి కబురంపుడు.