గంజికీ కెమిస్ట్రీకీ చుట్టరికం

రండి, కుంపటి దగ్గరికి జరిగి కూర్చోండి. పుష్యమాసంలో మా నర్సీపట్నంలో పొద్దుగూకితే చాలు, లంబసింగి కొండల చలి ఊళ్లోకి దిగుతుంది. చేతులు కాచుకుంటూ ఓ మాట చెప్పుకుందాం.

హైస్కూలు పిల్లలు సైన్సులో వల్లెవేసే మూడు పేర్లున్నాయి: ద్రావణం, కాంజికాభం, అవలంబనం. నడిమిది పిల్లలకు బొత్తిగా కొరుకుడు పడదు. నిజానికి మూడింట్లోకీ మన వంటింటి మాట అదే. కాంజికమంటే గంజి, ఆభ అంటే పోలినది. మొత్తం కలిపితే గంజిలాంటిది. 1861లో థామస్ గ్రాహం అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త గ్రీకు భాషలో జిగురుకున్న మాట తీసుకుని వీటికి కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు. దానికి మాట వెతికిన మనవాళ్లకు గంజి తట్టింది. ఎంత చక్కని ఎంపికో చూడండి!

ఒక్కపూట అన్నం వండితే మూడూ కనిపిస్తాయి. బియ్యం కడిగిన కడుగు తెల్లగా ఉంటుంది. గిన్నెలో వదిలేస్తే కాసేపటికి పిండి అడుక్కి చేరి, పైన నీళ్లు తేరుకుంటాయి. అది అవలంబనం. ఎసట్లో వేసిన ఉప్పు కంటికి ఆనదు, రాత్రంతా ఉంచినా అడుక్కి దిగదు. అది ద్రావణం. వార్చిన గంజి ఈ రెంటికీ మధ్యరకం. తేటగా ఉండదు, అలాగని కడుగులా ఇట్టే తేరుకోదు, గుడ్డలో వడగట్టినా దిగిపోతుంది. కడుగులోనూ గంజిలోనూ ఉన్నది ఒకే పిండి. పచ్చిగా ఉన్నప్పుడు గింజకట్టి మునిగిపోయింది. ఉడికాక ఉబ్బి, విడిపోయి, నీళ్లలో తేలుతూ ఉండిపోయింది.

తేడా అంతా రేణువు సైజులోనే ఉంది. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నానోమీటరు. రేణువు 1 నానోమీటరు కంటే చిన్నదైతే ద్రావణం, 1 నుంచి 1000 దాకా కాంజికాభం, అది దాటితే అవలంబనం. నడిమి రేణువులు ఎందుకు మునగవంటారా? నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తోస్తూ వాటిని నిలవనివ్వవు. నీళ్లలో పుప్పొడి నుంచి వచ్చిన సూక్ష్మకణాల ఈ కదలికనే 1827లో రాబర్ట్ బ్రౌన్ సూక్ష్మదర్శినిలో చూశాడు.

వెలుతురు పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తెల్లవారుజామున లంబసింగి ఘాట్‌లో బస్సెక్కినవాళ్లకు అనుభవమే: హెడ్‌లైట్ల కాంతి మంచులో రెండు స్తంభాల్లా నిలబడుతుంది. సన్నటి నీటి తుంపరలు వెలుతురును పక్కలకు చెదరగొట్టబట్టే ఆ దారి మనకు కనిపిస్తుంది. దీన్నే టిండాల్ ప్రభావం అంటారు. అందుకే తెలిసిన డ్రైవరు మంచులో లైట్లు పైకి వేయడు. వేస్తే ఎదుట తెల్లగోడ తప్ప రోడ్డు కనపడదు. పుస్తకాలు పొగమంచును కాంజికాభాల్లోనే చేరుస్తాయి గాని, దాని తుంపరలు చాలావరకు వెయ్యి నానోమీటర్ల హద్దు దాటినవే. హద్దులు మనం గీసుకున్నవి, ప్రకృతి గీసినవి కావు.

ఇక మా జిల్లా గొప్ప చెప్పనివ్వండి. అనకాపల్లి బెల్లం తిననివారు అరుదు. ఆ బెల్లం వండేచోట నిలబడితే ఈ పాఠమంతా ఒక్క పెనంలో ఉంటుంది. గానుగ నుంచి వచ్చిన చెరకు రసంలో పిప్పి నలుసులు, మట్టి ఉంటాయి. అవి అవలంబనం, వడగడితే పోతాయి. తీపి ద్రావణం. రసాన్ని మసకగా ఉంచే మాంసకృత్తులు, మైనం, జిగుర్లు కాంజికాభం. ఏ గుడ్డకూ చిక్కవు. అందుకే వంటవాడు కాస్త సున్నం తేట కలిపి కాగబెడతాడు. కొన్నిచోట్ల బెండ జిగురు వేస్తారు. అప్పుడా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టి మడ్డిగా పైకి తేలతాయి. ఆ మడ్డి తీసే చెయ్యి తిరిగినదైతేనే బెల్లానికి రంగు, నిలవ. కొల్లాయిడ్ అన్న మాట పుట్టకముందే చేతికి తెలిసిన విద్య అది.

వానాకాలం ఏటినీళ్లదీ ఇదే కథ. ఇసుక దిగిపోయినా సన్నబంక దిగదు. దాని రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం, రుణావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పటిక కలిపితే అందులోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లార్చి వాటిని కలుపుతుంది. కూడినవి బరువెక్కి దిగుతాయి. మన పెద్దవాళ్లు కుండలో చిల్లగింజ అరగదీసి వేసిందీ నీళ్లు తేర్చడానికే. గోదావరి మోసుకొచ్చిన బంక సముద్రపు ఉప్పు తగలగానే ముద్దకట్టడం కూడా ఈ కోవదే. కోనసీమ మట్టి పేరుకోవడంలో దానికీ పాలుంది.

ఇంత దగ్గర విద్యను పిల్లలచేత బట్టీ పట్టించి మార్కులకే వదిలేయడం నాకు కష్టంగా ఉంటుంది. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రేపు గంజి పారబోయకండి. కాస్త నీళ్లు కలిపి పల్చన చేసి ఒక గాజు గ్లాసులో పోయండి. మరో గ్లాసులో పంచదార నీళ్లు, ఇంకో దాంట్లో కడుగు పోయండి. దీపం ఆర్పి టార్చిలైటు పిల్లల చేతికివ్వండి. వెలుతురు దేనిలో కనపడకుండా దాటిపోతుందో, దేనిలో దారిగా నిలుస్తుందో, పొద్దున్నకు ఏది అడుక్కి దిగుతుందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాతే కాంజికాభం అన్న మాట చెప్పండి.