హెరాల్డా, గెజెలా?

తిరుపత్తూరులో పాతకార్లు చూడబోయాము. మనసు స్పోర్ట్సు కారు మీద. చేతిలోని డబ్బు హెరాల్డు దాకానే వచ్చింది. అయినా తీసిపారేయదగినది కాదు. 1962లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైరుకు ఆధారము ఈ హెరాల్డు చట్రమే, కాస్త పొట్టిచేసినది. మద్రాసు స్టాండర్డు కంపెనీ 1961లో దీనిని రెండు తలుపులతో దించింది. 1972 నాటి గెజెలుకు ఇంజను అదే, 948 సి.సి.; వెనుక ఇరుసు మాత్రము మారింది.

పొన్నేరి నుండి ఏలగిరి కొండకు 14 మలుపులు, ఒక్కొక్కదానికి తమిళ కవులదో దాతలదో పేరు. ఎక్కడము సరే, దిగడమే చిక్కు. హెరాల్డు వెనుక చక్రాలు వేటికవే ఊగుతాయి; వేగముగా తిరుగుతూ మలుపులో చప్పున యాక్సిలరేటరు వదిలితే చక్రము లోనికి ముడుచుకొని వెనుకభాగము పక్కకు జారవచ్చు. గెజెలుది ఒకటే గట్టి ఇరుసు, మన మెకానికులకు తెలిసినదే.

రెండు తలుపులది నిజముగా అందగత్తె. కాని వెనుక సీటులోకి మా అమ్మ ఎట్లా దూరుతుంది? నాలుగు తలుపుల గెజెలుకే అడ్వాన్సు ఇచ్చాము. రంగు మాత్రము నచ్చలేదు.