కరువు నేలపై ఉప్పునీటి అమానత్

మా చిన్న కుమారుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో తన గదిలో ఒక సముద్రపు చేపను పెంచుకున్నాడు. రెండేళ్ల క్రితం గల్ఫ్‌లో ఉద్యోగం దొరికింది. చేపను ఎవరికి అప్పగించాలో తోచక, ప్రయాణానికి ముందు దానిని కళ్యాణదుర్గంలోని మా ఇంటికి తెచ్చాడు. "అబ్బా, ఇది మీ దగ్గర అమానత్. సెలవుల్లో వచ్చి చూసుకుంటాను" అన్నాడు. అమానత్ అనే మాటకు అర్థం ఏమిటో ముప్పై ఏళ్లుగా మదరసాలో పిల్లలకు బోధిస్తున్న మేము, ఆ మాట విన్న తరువాత కాదనలేకపోయాము.

ఆ చేపను ఆంగ్లంలో లయన్ ఫిష్ అంటారు. ఒంటినిండా ఎర్రని, గోధుమరంగు చారలు. రెక్కలు విసనకర్రల్లా విచ్చుకుంటాయి. వీపుమీద 13 ముళ్లు, వాటిలో విషం. శాస్త్రజ్ఞులు దీనిని తేలుచేపల కుటుంబంలో చేర్చారు. దీని గురించి చదువుతుండగా ఒక సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరచింది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, ఆ తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో ఒక గ్రంథం వెలువరించాడు. రక్తపింజరికి ఆంగ్లంలో ఉన్న పేరు కూడా ఈయన పేరే. స్థానిక జాలరులు ఏ చేపను ఏమని పిలిచేవారో ఆయన విని రాసుకున్నాడు. ఈ జాతి చేపకు ఆయన రాసుకున్న పేరు 'కోడిపుంగి'. మన కోడిపుంజే ఆంగ్లాక్షరాల్లో అలా మారిందని వినగానే తెలిసిపోతుంది. విచ్చుకున్న ఈకలతో నిలబడిన పుంజును చూసినవారెవరైనా ఆ జాలరుల చూపును మెచ్చుకోక తప్పదు. ఆనాటి నుండి మా ఇంట్లోనూ అది 'పుంజు' అయింది.

మా ప్రాంతం సంగతి పాఠకులకు తెలియనిది కాదు. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురుస్తుంది. అదీ కురిసిన ఏడు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడడం ఇక్కడి రైతుకు తరతరాల అలవాటు. బోర్లు ఎంత లోతుకు వేసినా పైకి వచ్చేది చాలాచోట్ల ఫ్లోరైడ్ కలిసిన గడుసు నీరే. అటువంటి ఊరిలో, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల గాజు తొట్టిలో 250 లీటర్ల సముద్రాన్ని నిలబెట్టవలసి వచ్చింది.

అది ఎంత పనో మాకు ముందు తెలియదు. వంట ఉప్పు కలిపితే సముద్రం కాదు. మెగ్నీషియం, కాల్షియం వంటి లవణాలన్నీ ఉన్న ప్రత్యేక మిశ్రమాన్ని లీటరుకు 35 గ్రాముల చొప్పున కలపాలి. అంటే తొట్టి నింపడానికి దాదాపు 9 కిలోలు. బోరు నీరు పనికిరాదు గనుక ఫిల్టరు యంత్రంతో శుద్ధి చేయాలి. చేప విసర్జించే మలినం అమోనియాగా మారి నీటిని విషతుల్యం చేస్తుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చినప్పుడే చేప బ్రతుకుతుంది. ఆ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే మావాడు పాత తొట్టిలోని రాళ్లను, ఫిల్టరు స్పాంజిని తడి ఆరకుండా మోసుకువచ్చాడు. గుప్పెడు రాళ్లను అంటిపెట్టుకున్న ప్రాణులపై ఇంకొక ప్రాణి ఆధారపడి ఉన్న తీరు చూసి, సృష్టికర్త ఏర్పాటును తలచుకుని మా నోటివెంట "సుబ్‌హానల్లాహ్" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేము.

మొదటి నెలల్లో మేము చేసిన తప్పు ఒకటి ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఈ చేప వేటగత్తె. నోట్లో పట్టే ప్రాణి ఏదైనా దానికి ఆహారమే. మావాడు దానికి బ్రతికిన చిన్న గప్పీ చేపలు వేసేవాడు. మేమూ అలాగే వేశాము. పుంజు రెక్కలు చాచి చిన్న చేపను మెల్లగా మూలకు తరుముతుంది. చాలాసేపు కదలకుండా నిలుస్తుంది. తరువాత రెప్పపాటులో మింగేస్తుంది. ఈ సంగతి వీధిలో తెలిసి, అసర్ నమాజు తరువాత ఇరుగుపొరుగు పిల్లలు, వారితో పెద్దలు కూడా మా వసారాలో గుమికూడసాగారు. ఎవరో ఒకరు "ఇంకొకటి వేయండి హజ్రత్" అనేవారు. మేము వేసేవాళ్లము. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు మాకు నచ్చాయని ఒప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గుగానే ఉంది.

ఇంతలో వేసవి వచ్చింది. వుజూ పాఠం చెబుతున్నాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని, ముద్ అంటే సుమారు ముప్పావు లీటరని, పారే నది ఒడ్డున ఉన్నా నీటిని దుబారా చేయరాదని ఆయన బోధించారని వివరించాము. పక్క పల్లె నుండి వచ్చి హిఫ్జ్ చదువుతున్న పదేళ్ల బాలుడు చేయి ఎత్తాడు. వాళ్ల పల్లెలో ట్యాంకరు వచ్చిన రోజే నీళ్లు. అతని తల్లి బిందెలు వరుసలో పెట్టి ఎండలో నిలబడుతుందని మాకు తెలుసు. "హజ్రత్, మీ ఇంట్లో చేపకు వారానికి ఎన్ని ముద్‌ల నీళ్లు కావాలి?" అని అడిగాడు. ఆ స్వరంలో ఎత్తిపొడుపు లేదు. కొత్తగా నేర్చుకున్న కొలతను వాడి చూడాలన్న ఉత్సాహమే ఉంది.

లెక్క చూసి రేపు చెబుతామని అన్నాము. ఆ రాత్రి కాగితం మీద వేసిన లెక్క ఇది. మలినాలు పేరుకోకుండా వారానికి 25 లీటర్ల నీరు మార్చాలి. మా ఎండలకు రోజుకు మూడు లీటర్లు ఆవిరి అవుతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కనుక ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. అది వారానికి 21 లీటర్లు. మొత్తం 46. మా ఫిల్టరు యంత్రం ఒక లీటరు శుద్ధి చేయడానికి మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. అంటే వారానికి 184 లీటర్లు, దాదాపు 245 ముద్‌లు. ఒక మనిషి 49 రోజులపాటు ఐదు పూటలా వుజూ చేసుకోగల నీరు. మరునాడు ఆ సంఖ్యను తరగతిలో పలకమీద రాశాము. పిల్లలు ఏమీ అనలేదు. ఆ బాలుడు మాత్రం తన పుస్తకంలో దానిని జాగ్రత్తగా రాసుకున్నాడు.

తరువాతి రోజుల్లో మేము గ్రంథాలను ఈ దృష్టితో మళ్లీ తెరిచాము. హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి దాని గురించి ప్రేమగా పలకరించేవారు. ప్రాణిని ఇంట్లో పెంచుకోవడం ధర్మసమ్మతమేనని చెప్పడానికి పండితులు ఈ హదీసును ఆధారంగా చూపారు. దాని పక్కనే మరొక హదీసు ఉంది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, దాని తిండి అది వెతుక్కోవడానికి విడిచిపెట్టక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైంది. ఈ రెండు హదీసుల మధ్యనే పెంపుడు ప్రాణి ఉన్న ప్రతి ఇంటి తీర్పూ ఉంది. ప్రాణం ఉన్నదానిని గురిగా నిలబెట్టి వినోదించడాన్ని ఆయన (స) నిషేధించారు. పుంజు వేటాడడం దాని స్వభావం. దానిని అలా సృష్టించినది అల్లాహ్. అది పాపం ఎరుగదు. గాజు గోడల మధ్య తప్పించుకునే దారి లేని ప్రాణిని వేసి, చుట్టూ చప్పట్లు కొట్టినది మనుషులం.

అయితే ఏమి చేయాలి? దానిని సముద్రంలో వదిలిపెట్టమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. అది పుణ్యకార్యంలా వినబడుతుంది గాని, తొట్టిలో పెరిగిన చేప వెంట రోగాలూ సముద్రానికి చేరవచ్చు. ఆ దారి ఎంత దూరం వెళుతుందో అమెరికా తీరం చెబుతోంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనబడింది. ఇళ్లలో పెంచుకునేవారు వదిలినవే అందుకు మూలమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఒక ఆడచేప ఏడాదికి 20 లక్షల గుడ్ల వరకు పెట్టగలదు. ఆ నీళ్లలోని చిన్న చేపలకు ఈ వేటగత్తె కొత్తది. దానిని చూసి పారిపోవాలని వాటికి తెలియదు. నేడు కరేబియన్ సముద్రమంతటా అది వ్యాపించి ఉంది. నేలమీదా, సముద్రంలోనూ చెలరేగిన కల్లోలం మానవుల స్వహస్తాల సంపాదనేనని రూమ్ సూరా చెప్పిన మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మాకు తోచలేదు.

ఇంకెవరికైనా ఇచ్చేద్దామా అంటే, తీసుకునేవారు దానిని ఎలా చూస్తారో తెలియదు. పైగా అది మా సొత్తు కాదు. కనుక ఉంచుకోవాలి, కాని ఉంచుకునే తీరు మార్చుకోవాలి అని నిశ్చయించుకున్నాము. మొదట బ్రతికిన చేపలు వేయడం మానేశాము. ఆదివారం ఐస్ పెట్టెల్లో మా ఊరికి వచ్చే రొయ్యలను చిన్న ముక్కలు చేసి, సన్నని పుల్లకు గుచ్చి నీటిలో ఆడించాము. పుంజు తొమ్మిది రోజులు ముట్టలేదు. మా భార్య రోజూ "చచ్చిపోతుందేమో" అని కంగారుపడేది. పదోరోజు తిన్నది. వారానికి మూడుసార్లు పెడితే దానికి చాలు. మంచినీటి చేపలనే అదేపనిగా మేపితే సముద్రపు చేప ఆరోగ్యం చెడుతుందని తరువాత తెలిసింది. అంటే మా తమాషా దానికీ మేలు చేయలేదు. చూడడానికి వచ్చే పిల్లలను ఇప్పటికీ రానిస్తాము. దాని రెక్కలు, గీతలు చూపి, ప్యాట్రిక్ రసెల్ కథ చెప్పి పంపిస్తాము. చప్పట్లు లేవు.

ఒకసారి గాజు తుడుస్తుండగా వీపు ముల్లు మా వేలికి గుచ్చుకుంది. తేలు కుట్టిన అనుభవం మా సీమవాసులకు కొత్త కాదు. ఇది దానికంటే తక్కువేమీ కాదు. చర్మం కాలనంత, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో వేలిని అరగంటకు పైగా ఉంచాము. వేడికి ఆ విషం విరుగుతుంది. నొప్పి తగ్గినా ఆస్పత్రికి వెళ్లి చూపించుకున్నాము. ఇటువంటి చేప ఉన్న ఇంట్లో చిన్నపిల్లల చేయి తొట్టిలోకి వెళ్లకుండా మూత ఉండి తీరాలి.

నీటి విషయంలో, ఫిల్టరు వదిలే నీటిని బకెట్లలో పట్టి గిన్నెలు కడగడానికి, నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుతున్నాము. తొట్టి నుండి తీసిన ఉప్పునీటిని మొదట పెరట్లో పోసి, పదిహేనేళ్ల కరివేపాకు చెట్టును పోగొట్టుకున్నాము. ఆ మట్టిలో ఇప్పటికీ గడ్డి మొలవలేదు. ఇప్పుడు దానిని మిద్దెపై వెడల్పాటి రేకు పళ్లేల్లో పోస్తే మా ఎండ దానిని రెండు మూడు రోజుల్లో ఆరబెడుతుంది. మిగిలిన ఉప్పును సంచికి ఎత్తుతాము. వాన కురిసిన రోజుల్లో మిద్దె నీటిని గుడ్డతో వడకట్టి పీపాలో దాచి, ఆవిరైన లోటును దానితో పూడుస్తున్నాము.

మొన్న బక్రీదుకు మావాడు వచ్చాడు. పుంజు ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషించి, "అబ్బా, తోడుగా ఇంకొకటి తెస్తాను" అన్నాడు. పిల్లవాడు అడిగిన ప్రశ్న, పలకమీద రాసిన సంఖ్య అతనికి చెప్పాము. ఇవి ఇళ్లలో పుట్టినవి కావు, సముద్రం నుండి పట్టి తెచ్చినవి, ఒక్కొక్కటీ పదేళ్లకు పైగా బ్రతకగలవు. ఈ ఒక్కదానికి అల్లాహ్ ఇచ్చిన ఆయుష్షు ఉన్నంతవరకు చూస్తాము, దాని తరువాత ఈ ఇంట్లో ఇంకొకటి ఉండదు అన్నాము. అతను చాలాసేపు మాట్లాడలేదు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన మరణించిన తల్లి తరఫున బావి తవ్వించిన సంగతి అతనికి చిన్నప్పుడు మేమే చెప్పినది. తిరిగి వెళ్లిన తరువాత, చేపకు నెలకు పంపే ఖర్చుతో పాటు అంతే మొత్తం వేరుగా పంపసాగాడు. వేసవిలో ఆ డబ్బుతో ఆ బాలుడి పల్లెకు అదనంగా ట్యాంకరు వెళ్లింది. దీనితో లెక్క సరిపోయిందని మేము అనుకోవడం లేదు. తీర్పుదినాన ఆ గప్పీల గురించి మమ్మల్ని అడిగితే చెప్పడానికి మా వద్ద సమాధానం లేదు. పశ్చాత్తాపం మాత్రమే ఉంది.

పాఠకులలో ఎవరైనా తమ పిల్లల ముచ్చట తీర్చడానికి ఇటువంటి ప్రాణిని ఇంటికి తేవాలనుకుంటే, కొనడానికి ముందు ఒక కాగితం తీసుకుని, అది ఎంత కాలం బ్రతుకుతుంది, ఏమి తింటుంది, ఎంత నీరు కోరుతుంది, మీరు ఊరిలో లేనప్పుడు దాని బాధ్యత ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఆ కాగితాన్ని పిల్లల చేతనే రాయించండి. అల్లాహ్ మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణి పట్ల, ప్రతి నీటి బొట్టు పట్ల బాధ్యతగా మెలిగే బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.