ఇప్పచెట్టుకు పిల్లలేవి?

శ్రీరామనవమి రోజుల్లో భద్రాచలం వెళ్లే బస్సు పాల్వంచ దాటిందంటే కిటికీలోంచి ఓ వాసన లోపలికి వస్తుంది. కాస్త తీపి, కాస్త పులుపు, ఇంకాస్త మత్తు! కొత్తవాళ్లు అటూ ఇటూ చూస్తారు. దారి తెలిసినవాళ్లు 'ఇప్పపూలు రాలుతున్నాయి' అనుకుని మళ్లీ కునుకు తీస్తారు.

కోయగూడేల్లో మాత్రం కునుకుకు తీరిక ఉండదు. మీగడ రంగు పూలు తెల్లవారుజామునే జలజలా రాలిపోతాయి. పశువులు, జింకలు రాకముందే ఏరుకోవాలి. ఎలుగుబంటికీ అవంటే ప్రాణమే. మసక చీకట్లో అదీ మనిషీ ఒకే చెట్టు కిందికి చేరితేనే చిక్కు! ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరలే. దాన్ని వేయించుకుని, ఉడకబెట్టుకుని తింటారు. సారా సంగతి సరేసరి. మిగిలింది సంతకో, గిరిజన సహకార సంస్థకో వెళుతుంది. జూన్, జులైల్లో కాయలు పండితే గింజల నుంచి నూనె తీస్తారు.

ఇప్ప కొమ్మ తుంచితే పాలు కారతాయి. మనం బజార్లో కొనే సపోటాకు ఇది చుట్టం మరి, రెండిటిదీ ఒకే కుటుంబం. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో 1795లో తన కోరమాండల్ తీర మొక్కల గ్రంథంలో ఈ చెట్టును బొమ్మతో సహా వర్ణించాడు.

అసలు కథ రాత్రి నడుస్తుంది. ఐరోపా అడవుల్లోని బీచ్ చెట్టుకు పుప్పొడి మోయడానికి గాలి చాలు. ఇప్పకు మాత్రం పండ్లు తినే గబ్బిలాలు రావాలి. మొగ్గ విచ్చుకోకముందే దాని కీలాగ్రం బయటికి పొడుచుకొస్తుంది. తన పుప్పొడి సిద్ధమయ్యేలోగా పరాయి చెట్టు పుప్పొడి అందుకోవాలని ఆ తొందర! తియ్యటి పూరేకుల కోసం వచ్చిన గబ్బిలం ఒంటికి పుప్పొడి అంటించుకుని మరో చెట్టు మీద వాలుతుంది. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రలోకి వెళ్లాయనీ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయిందనీ దానికి తెలియదు కదా! ఇంత మేలు చేసే ఈ గబ్బిలాలను వన్యప్రాణి చట్టం ఏళ్ల తరబడి చీడ జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు.

గబ్బిలం పుణ్యమా అని ఏ రెండు ఇప్ప మొక్కలూ అచ్చు ఒకేలా ఉండవు. ఒకటి ముందు పూస్తుంది, ఇంకొకటి ఆలస్యంగా. ఒకదాని పువ్వు తీపి, ఇంకొకదానిది చప్పన. అదే దారిలో వరుస కట్టి నిలబడ్డ జామాయిల్ తోటలు చూడండి. సారపాక కాగితం మిల్లు ఉన్న ఈ ప్రాంతంలో క్లోన్ మొక్కల సాగు బాగా విస్తరించింది. ఒక మేలైన చెట్టు కొమ్మల నుంచి వేల నకళ్లు! అన్నీ ఒకే ఎత్తు, ఒకేసారి కోత. రైతుకు లాభమే. కానీ 2000 దశకంలో ఆకుల మీద బుడిపెలు కట్టించే ఓ చిన్న కందిరీగ దక్షిణాది తోటల్లోకి వచ్చినప్పుడు కొన్ని క్లోన్‌లు గట్టి దెబ్బ తిన్నాయి. తోటంతా ఒకే చెట్టు నకలైతే పురుగుకు ఒకదానికి నచ్చింది అన్నిటికీ నచ్చినట్టే.

మరి ఇప్పకు ఏం లోటు? పోడు కొట్టేటప్పుడు కూడా గిరిజనులు దానిమీద గొడ్డలి వేయరు. అందుకే చేలల్లో పెద్ద పెద్ద మానులు ఠీవిగా కనిపిస్తాయి. వాటి కింద పిల్ల మొక్క కోసం వెతికితేనే తెలుస్తుంది లోటు. పూలు ఏరడానికి వీలుగా ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ మంటలో నిరుటి మొలకలూ పోతాయి. ఎండుతున్న గింజ చాలా త్వరగా జీవం కోల్పోతుంది కాబట్టి విత్తనాన్ని దాచి మరుసటేడు చల్లుదామన్నా కుదరదు. మొలిచింది పూతకు రావాలంటే పదేళ్ల మాట. అంటుకడితే నాలుగైదేళ్లలో పూయించొచ్చు. అయితే అంటు కూడా ఒక చెట్టుకు నకలే కదా!

మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కడుతున్నారు. పువ్వు మట్టి అంటకుండా వలలో పడుతుంది, శుభ్రమైన పువ్వుకు ధరా ఎక్కువే. నిప్పుతో పనిలేదు. ఇక కొమ్మల చివర మిగిలిన నాలుగు కాయలను గబ్బిలం ఎత్తుకెళ్లి, గుజ్జు తిని గింజను ఎక్కడో జారవిడుస్తుంది. తొలకరి తడి ఆరకముందే అది వేరు దించాలి.